ఉంగరాల జుట్టుకు ఇంట్లోనే అలంకరణ: హైదరాబాదు నీళ్ళకు, ఎండవానలకు తగిన సమగ్ర మార్గదర్శి

ఉంగరాల జుట్టున్న ఆడపిల్లకు మన ఇళ్ళలో జరిగే ఉపచారం దాదాపు ఒకటే. పొడి జుట్టు మీద దువ్వెన పెట్టి లాగుతారు, ఉబ్బిన జుట్టును అణచడానికి తలనిండా నూనె పట్టిస్తారు, కణతలు నొప్పి పుట్టేంత బిగించి జడ అల్లుతారు. 'చింపిరి జుట్టు' అనే మాట వింటూ పెరిగిన ఆ పిల్ల ఉద్యోగంలో చేరగానే జుట్టు సాగదీయించుకోవడానికి వేల రూపాయలు పోస్తుంది. చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. ఆ జుట్టులో లోపమేమీ లేదు. తిన్నని జుట్టుకు పనికొచ్చే పద్ధతిని దాని మీద రుద్దడమే లోపం.

ఉంగరాల జుట్టుకు ఒక నియమం చాలు: తడిగా ఉన్నప్పుడు రూపం ఇవ్వండి, ఆరుతున్నప్పుడు ముట్టుకోకండి, ఆరిన తరువాత దువ్వకండి. కింద చెప్పేవన్నీ ఈ నియమాన్ని హైదరాబాదులో, తక్కువ ఖర్చుతో, వారానికి ఒకటి రెండు తలస్నానాలతో ఎలా పాటించాలన్న వివరాలే.

నియమం వెనుక కారణం తెలిస్తే చేయి దానంతట అదే సరిగ్గా నడుస్తుంది. జుట్టు కెరటిన్ అనే మాంసకృత్తుతో తయారవుతుంది. ఆ పోగుల మధ్య ఉండే హైడ్రోజన్ బంధాలు నీళ్ళు తగలగానే విడిపోతాయి, జుట్టు ఆరేకొద్దీ మళ్ళీ ఏర్పడతాయి. ఆరేటప్పుడు జుట్టు ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారమే నిలుస్తుంది. జుట్టును తిన్నగా చేసే ఇస్త్రీ యంత్రం వేడితో చేసేదీ ఇదే. అందుకే వేడితో తిన్నగా చేసిన జుట్టు వానాకాలపు గాలికి గంటలో మళ్ళీ ముడుచుకుంటుంది. ఇక ఉంగరాల వెంట్రుక అడ్డుకోతలో గుండ్రంగా కాక కోలగా ఉంటుంది. మలుపులు ఎక్కువ కావడంతో తల మీద పుట్టే సహజమైన నూనె చివర్ల దాకా జారదు. కుదుళ్ళు జిడ్డుగా, చివర్లు గరుకుగా ఉండడం అందుకే. మీరేదో తప్పు చేసి కాదు.

మీ జుట్టు ఏ రకం?

తల తడిపి, ఏమీ రాయకుండా, దువ్వకుండా ఆరనివ్వండి. అప్పుడు కనిపించేదే మీ అసలు జుట్టు. అమెరికన్ కేశాలంకరణ నిపుణుడు ఆండ్రే వాకర్ ప్రచారంలోకి తెచ్చిన వర్గీకరణలో 1 తిన్నని జుట్టు, 2 అలల జుట్టు, 3 ఉంగరాలు, 4 చాలా దగ్గరదగ్గరగా చుట్టుకునే జుట్టు. మన తెలుగువాళ్ళలో ఎక్కువగా కనిపించేవి మొదటి మూడు రకాలు. ఒకే తల మీద ముందు అలలు, వెనుక ఉంగరాలు ఉండడమూ మామూలే.

ఈ గుర్తింపు ఎందుకంటే, ఫోనులో మనం చూసే వీడియోల్లోని మెళకువలు చాలావరకు నల్లజాతి స్త్రీలు నాలుగో రకం జుట్టు కోసం రూపొందించుకున్నవి. సహజమైన జుట్టుతో బడికి, ఉద్యోగానికి వెళ్ళే హక్కు కోసం వాళ్ళు పోరాడవలసి వచ్చింది. జుట్టు తీరును బట్టి వివక్ష చూపడాన్ని నిషేధిస్తూ అమెరికాలో మొదటి రాష్ట్ర చట్టం 2019లో కాలిఫోర్నియాలో వచ్చింది. వాళ్ళ దగ్గర నేర్చుకోవలసింది ఎంతో ఉంది. అయితే వాళ్ళు వాడే, ఆఫ్రికా చెట్టు గింజల నుంచి తీసే చిక్కటి షియా వెన్న వంటివి మన అలల జుట్టుకు బరువై, ఉన్న ఒంపును కూడా కిందికి లాగేస్తాయి. పద్ధతి తీసుకోండి, పదార్థం మాత్రం పలచనిది వాడండి.

ముందు నీళ్ళ సంగతి

మంజీరా, కృష్ణా, గోదావరి నీళ్ళు కుళాయిలో వచ్చే ఇళ్ళవాళ్ళకు చిక్కు తక్కువ. బోరు నీళ్ళు, ట్యాంకరు నీళ్ళు ఒకే సంపులో కలిసే అపార్ట్‌మెంట్లలోనే అసలు ఇబ్బంది. బకెట్టు అంచున, గీజరు లోపల తెల్లటి పొర కడుతోందంటే ఆ నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. సబ్బుతో కలిస్తే అవి తెట్టుగా మారి జుట్టుకు అంటుకుంటాయి. జుట్టు కడిగిన రోజే బిరుసుగా అనిపిస్తుంది.

పరీక్ష సులువు. మూడో వంతు నీళ్ళు పోసిన సీసాలో నాలుగు చుక్కల ద్రవ సబ్బు వేసి మూత పెట్టి ఊపండి. నురగ బాగా లేచి కింద నీళ్ళు తేటగా ఉంటే మంచి నీళ్ళే. నురగ పలచగా ఉండి నీళ్ళు మసకబారితే అవి కఠిన జలం.

అలాంటి నీళ్ళయితే రెండు పనులు చేయండి. తలస్నానం మామూలు నీళ్ళతోనే ముగించి, చివర ఒక చెంబు తాగేనీళ్ళు జుట్టు పొడవునా పోసుకోండి. రెండు మూడు వారాలకు ఒకసారి లీటరు తాగేనీళ్ళలో ఒక చెంచా వెనిగర్ గాని నిమ్మరసం గాని కలిపి జుట్టు మీద పోసి, రెండు నిమిషాలాగి కడిగేయండి. పేరుకున్న ఖనిజాల పొరను ఆ పులుపు కరిగిస్తుంది. మాడు మీద పుండ్లు, గీతలు ఉంటే మాత్రం వద్దు. ఇంకో మాట: శుద్ధి యంత్రం బయటికి వదిలే నీళ్ళను చాలామంది పట్టి దాచుకుంటారు. అవి మొక్కలకో, నేల తుడవడానికో సరే గాని తలకు వాడకండి. వాటిలో లవణాలు మామూలు నీళ్ళకంటే ఎక్కువగా ఉంటాయి.

తలస్నానం: కుంకుడు మాడుకు, మందారం చివర్లకు

బజారు షాంపూ వాడేవాళ్ళు సల్ఫేట్లు (జిడ్డును గట్టిగా లాగే నురగ రసాయనాలు) లేనిది ఎంచుకుని, మాడుకు మాత్రమే రాసి, నురగను చివర్ల మీదుగా జారనివ్వడం చాలు. ఖర్చు తగ్గించుకోవాలనుకునేవారికి కుంకుడుకాయలు నాకు ఇప్పటికీ ఇష్టమైన దారి. వాటిలోని సపోనిన్లు అనే నురగనిచ్చే పదార్థాలు కఠిన జలంలో కూడా సబ్బు మాదిరి తెట్టు కట్టవు. హైదరాబాదు బోరు నీళ్ళకు ఇది పెద్ద సౌకర్యం.

భుజాలు దాటిన జుట్టుకు ఎనిమిది పది కాయలు చాలు. చితక్కొట్టి గింజలు తీసేసి, రెండు గ్లాసుల వేడినీళ్ళలో రాత్రంతా నానబెట్టండి. ఉదయం పది నిమిషాలు మరిగించి, చల్లారాక పిసికి వడకట్టండి. కళ్ళలో పడితే భయంకరంగా మండుతుంది కాబట్టి తల వెనక్కి వాల్చి పోసుకోవాలి. పిల్లలకైతే నుదుటికి అడ్డంగా మడిచిన గుడ్డ కట్టాలి. కుంకుడు రసం జిడ్డును గట్టిగా లాగేస్తుంది. అది మాడుకు మేలే గాని చివర్లకు కాదు. వాటి కోసమే మందారం.

పదిహేను ఇరవై మందారాకులు కడిగి గంటసేపు నీళ్ళలో ఉంచి, చేత్తో పిసికితే చిక్కటి జిగురు వస్తుంది. పలచని గుడ్డలో వడకట్టండి. లేకపోతే ఆకు తునకలు రెండు రోజులపాటు జుట్టులోంచి రాలుతూనే ఉంటాయి. ఆకులు దొరకని ఇంట్లో మామూలు కండిషనర్ వాడినా ఫలితం బాగానే ఉంటుంది. మందారమే గొప్పదని పట్టు పట్టవలసిన పని లేదు. చిక్కు తీయడానికి జారుడు ఉండాలి, అంతే.

చిక్కు తీయడం: తొందర పనికిరాని చోటు

జుట్టు ఎక్కువగా తెగేది ఇక్కడే. తడి జుట్టు సాగుతుంది, సాగినప్పుడు బలహీనంగా ఉంటుంది. అయినా ఉంగరాల జుట్టును తడిగానే చిక్కు తీయాలి. పొడిగా దువ్వితే ఉంగరాలు విడిపోయి పోగులుగా లేస్తాయి, వెంట్రుకలు మధ్యలోనే తెగుతాయి. తడి, జిగురు, ఓపిక మూడూ కలిస్తేనే పని అవుతుంది.

మొదట జుట్టును నాలుగు భాగాలు చేయండి: నడినెత్తి పాపిడితో రెండు, చెవి నుంచి చెవి దాకా తీసిన పాపిడితో అవే నాలుగు. మూడింటిని క్లిప్పులతో పైకి పెట్టి ఒకదాన్ని చేతిలోకి తీసుకోండి. మందార జిగురో కండిషనరో పొడవునా పట్టించండి. దువ్వెన కంటే ముందు వేళ్ళు. పెద్ద ముడులు వేళ్ళకే తెలుస్తాయి, వాటిని పక్కలకు విడదీయాలి గాని కిందికి లాగకూడదు. ఆ తరువాత వెడల్పు పళ్ళ దువ్వెనతో చివరి రెండంగుళాలు దువ్వండి. అవి సాఫీ అయ్యాక ఇంకో రెండంగుళాలు పైకి. అలా కుదుళ్ళ దాకా. దువ్వే చోటికి పైన పాయను గట్టిగా పట్టుకుంటే మాడుకు లాగుడు తెలియదు. చిన్నపిల్లలు ఏడవకుండా తల దువ్వించుకోవాలంటే ఈ ఒక్కటి నేర్చుకున్నా చాలు.

పని పూర్తయ్యేసరికి దువ్వెన నిండా వెంట్రుకలు కనిపిస్తే భయపడకండి. రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం సహజం. తిన్నని జుట్టువాళ్ళకు అవి రోజూ దువ్వెనలోకి వచ్చేస్తాయి. మనకు ఉంగరాల్లో చిక్కుకుని, తలస్నానం రోజున అన్నీ ఒకేసారి ఊడివస్తాయి. మాడు మీద గుండ్రంగా ఖాళీ ఏర్పడినా, పాపిడి నెలనెలా వెడల్పవుతున్నా చర్మవైద్యులను కలవాలి. ఆ పరిస్థితిని వంటింటి సరుకులతో సరిదిద్దుకోవాలని చూడకండి.

అవిసె జెల్ తయారీ

జుట్టు ఆరేటప్పుడు ఉంగరాన్ని పట్టి ఉంచడానికి ఒక పలచని పొర కావాలి. బజారులో దాన్నే జెల్ పేరుతో అమ్ముతారు. మనం పొడి కొట్టుకునే అవిసె గింజలతో అది ఇంట్లోనే తయారవుతుంది. రైతుబజారు పక్కన కిరాణా కొట్టులోనైనా, బేగంబజారులోనైనా వంద గ్రాముల గింజలకు 40 రూపాయలలోపే అవుతుంది. నెలకు సరిపోతాయి.

పావు కప్పు గింజలకు రెండు కప్పుల నీళ్ళు కొలిచి, అడుగు మందంగా ఉన్న గిన్నెలో పోసి మధ్యస్థమైన మంట మీద పెట్టండి. అడుగంటకుండా కలుపుతూనే ఉండాలి. ఏడెనిమిది నిమిషాలకు తెల్లటి నురగ లేస్తుంది. గరిటె ఎత్తితే ద్రవం కోడిగుడ్డు తెల్లసొనలా సాగుతూ జారే క్షణంలోనే పొయ్యి కట్టేయాలి. ఇక్కడ ఒక నిమిషం ఆలస్యమైనా మొత్తం ముద్ద కడుతుంది. చల్లారితే గింజల నుంచి జెల్ విడిపోదు కాబట్టి వేడి మీదే వడకట్టాలి. టీ జల్లెడ పనికిరాదు. పాత నైలాన్ మేజోడును శుభ్రంగా ఉతికి ఆ పనికే కేటాయించండి, లేదా పలచని నూలు గుడ్డలో పోసి రెండు గరిటెల మధ్య పిండండి.

ఇది నిలవ పదార్థాలు లేని వంట. ఫ్రిజ్‌లో వారం రోజులు ఉంటుంది, పులిసిన వాసన వస్తే పారేయాలి. మంచుగడ్డల ట్రేలో పోసి గడ్డకట్టిస్తే నెల రోజులు వాడుకోవచ్చు. స్నానానికి ముందు రెండు గడ్డలు బయట పెడితే సరిపోతుంది.

మెంతులు నానబెట్టిన జిగురు, ముక్కలు కోసి మరిగించిన బెండకాయ జిగురు కూడా పనిచేస్తాయి గాని పట్టు తక్కువ, మెంతుల వాసన పోదు. కలబంద వాడేవాళ్ళు మట్ట కోయగానే కారే పసుపుపచ్చని ద్రవం పూర్తిగా కారిపోయేదాకా దాన్ని నిలబెట్టి ఉంచాలి. ఆ ద్రవమే కొందరికి దురద పుట్టిస్తుంది. ఏది వాడినా మొదటిసారి మోచేతి మడతలో రాసి రెండు రోజులు గమనించండి.

రూపం ఇవ్వడం, ఆరబెట్టడం

1. కండిషనర్ కడిగేశాక జుట్టును తుడవకండి. నీళ్ళు కారుతూ ఉండగానే స్నానాల గదిలోనే తరువాతి పని మొదలుపెట్టండి.

2. తల ముందుకు వంచి, చెంచాడు జెల్ రెండు అరచేతుల్లో పరచి, పాయను చేతుల మధ్య పెట్టి పైనుంచి కిందికి నిమరండి. నాలుగు భాగాలకూ విడివిడిగా చేయండి. మధ్యస్థంగా ఒత్తున్న జుట్టుకు మొత్తం మూడు నాలుగు చెంచాలు పడుతుంది. చేతికి జారుడు తగలని చోట ఇంకొంచెం రాయండి.

3. ఇప్పుడు చివర్లను అరచేతిలో పెట్టుకుని, పిడికిలిని మాడు వైపు తీసుకెళ్ళి నొక్కి వదలండి. తడి చప్పుడు వినబడాలి. అది వినబడకపోతే నీళ్ళు తక్కువైనట్టు, గుప్పెడు నీళ్ళు చల్లుకోండి. ఉంగరం లేచి నిలబడేది ఈ నొక్కుడుతోనే.

4. నీళ్ళు పీల్చడానికి నూగు తువ్వాలు వద్దు. దాని నూగు ఉంగరాల్లో తట్టుకుని వెంట్రుకలను లేపుతుంది. పాత నూలు చీర ముక్క, మెత్తబడిన పంచె, నూలు బనీను ఏదైనా మేలే. దాన్ని మంచం మీద పరచి, తల వంచి జుట్టంతా దాని మధ్యలో పోగుచేసి, చివర్లు మెడ వెనుక ముడి వేయండి. పావుగంట అలాగే ఉంచండి.

5. గుడ్డ విప్పిన తరువాత చేతులు తల మీదికి వెళ్ళకూడదు. ఫ్యాను కింద కూర్చోండి, వంట చేసుకోండి, చదువుకోండి. సగం ఆరిన జుట్టును వేళ్ళతో కదిలిస్తే అప్పటిదాకా చేసిన పనంతా పోతుంది. వేసవిలో గంటన్నర, వానాకాలంలో మూడు గంటలు కూడా పట్టవచ్చు. ఉదయం ఆఫీసుకు వెళ్ళేవాళ్ళు ముందురోజు సాయంత్రమే తలస్నానం చేయడం మంచిది.

6. పూర్తిగా ఆరిన జుట్టు బిరుసుగా, కరకరలాడుతూ ఉంటుంది. పద్ధతి పని చేయలేదని చాలామంది ఇక్కడే వదిలేస్తారు. అది జెల్ పొర మాత్రమే. రెండు చుక్కల కొబ్బరినూనె అరచేతుల్లో రుద్దుకుని మళ్ళీ పిడికిలి నొక్కులు ఇవ్వండి. పొర విరిగి జుట్టు మెత్తబడుతుంది, ఉంగరం అలాగే ఉంటుంది.

మరుసటి రోజు తల దువ్వకుండా, నీళ్ళు నింపిన పిచికారీ సీసాతో చివర్లు తడిపి నాలుగు నొక్కులు ఇస్తే మళ్ళీ లేస్తుంది. రాత్రి జుట్టును నడినెత్తిన వదులుగా ముడివేసి, పట్టు లేదా సాటిన్ గలీబు మీద పడుకోండి. నూలు గలీబు జుట్టును రాపాడుతుంది. కొత్తది కొనక్కర్లేదు. చిరిగిన పట్టుచీర ముక్క ఉంటే సరే, లేదంటే సికింద్రాబాద్ జనరల్ బజారులో సాటిన్ గుడ్డ మీటరు కొని కుట్టించుకోవచ్చు.

నగరంలో కాలాన్ని బట్టి మార్పులు

ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర గాలి బాగా ఎండిపోతుంది. గ్లిజరిన్ ఎక్కువున్న క్రీములు గాలిలో తేమ లేనప్పుడు జుట్టులోని తేమనే లాగుతాయి. ఆ రోజుల్లో కండిషనర్ ఎక్కువ, జెల్ తక్కువ వాడండి, ఆ జెల్‌లో గ్లిజరిన్ ఉండకూడదు. జూలై నుంచి సెప్టెంబరు దాకా పరిస్థితి తారుమారు. తేమ ఎక్కువై జుట్టు ఉబ్బుతుంది, అప్పుడు జెల్ కొంచెం ఎక్కువ వేయాలి. గ్లిజరిన్‌కు అప్పుడూ దూరమే. డిసెంబరు, జనవరి చలిలో వేడివేడి నీళ్ళు తల మీద పోసుకోవాలనిపిస్తుంది, గోరువెచ్చనివి చాలు.

నూనె మానేయమని నేను చెప్పను. పెట్టే సమయం మార్చమంటాను. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి ఇంకి, కడిగేటప్పుడు పోయే మాంసకృత్తును తగ్గిస్తుందని 2003లో ప్రచురితమైన ఒక పరిశోధన చూపింది. పొద్దుతిరుగుడు నూనెకు, మినరల్ ఆయిల్‌కు ఆ గుణం కనిపించలేదు. ఆ పరిశోధన చేసినవారు కొబ్బరినూనె అమ్మే సంస్థకు చెందిన శాస్త్రవేత్తలే, ఆ సంగతి గుర్తుంచుకోవాలి. అయినా తలస్నానానికి గంట ముందు పొడవునా పట్టించి కడిగేస్తే మేలు జరగడం చేతికి తెలుస్తుంది. చుండ్రు ఉన్నవాళ్ళు మాత్రం నూనె రోజుల తరబడి ఉంచకండి. చుండ్రుకు కారణమైన మలసీజియా అనే శిలీంధ్రం జిడ్డు మీదే బతుకుతుంది. మందుల దుకాణంలో దొరికే కిటోకోనజోల్ షాంపూ మాడుకు రాసి ఐదు నిమిషాలాగి కడగడం ఏ ఇంటి చిట్కా కంటే నమ్మకమైనది.

అల్లికలు, ముడులు

సులువైనది పురి. తడి జుట్టుకు జెల్ రాశాక ఆరు లేదా ఎనిమిది భాగాలు చేసి, ప్రతి భాగాన్నీ రెండు పాయలుగా విడదీసి ఒకదాని చుట్టూ ఒకటి చుట్టండి. పూర్తిగా ఆరాక, సాధారణంగా మరుసటి ఉదయం, వేళ్ళకు కొంచెం నూనె రాసుకుని కింది నుంచి విప్పండి. జుట్టంతా ఒకే తీరు ఒంపులు వస్తాయి. రెండు రకాల ఉంగరాలు కలిసి ఉన్న తలకు ఇది చాలా బాగుంటుంది.

రోజువారీకి సగం జుట్టు వెనక్కి తీసి క్లిప్పు పెట్టడం, మెడ మీద వదులు ముడి, నాలుగు పాయల జడ చాలు. ఉంగరాల జుట్టులో చేప జడ తిన్నని జుట్టులో కంటే బాగా నిలుస్తుంది, పాయలు జారిపోవు. సైడు పిన్నుల కంటే యూ పిన్నులు మేలు, ఉంగరాన్ని నలపకుండా పట్టుకుంటాయి. లాడ్ బజారు, సుల్తాన్ బజారు వీధుల్లో అట్టలకు అట్టలు చవగ్గా దొరుకుతాయి.

హెల్మెట్ పెట్టుకునేవాళ్ళు నడినెత్తి ముడి వేయకండి. హెల్మెట్ సరిగ్గా కూర్చోదు, అది ప్రాణానికే ముప్పు. మెడ దగ్గర రెండు వదులు జడలు వేసి, తలకు పలచని సాటిన్ రుమాలు చుట్టి పైన హెల్మెట్ పెట్టుకోండి. ఆఫీసుకు చేరాక జడలు విప్పి తడి చేతులతో రెండు నొక్కులు ఇస్తే చాలు.

బోనాలకు తల మీద చుట్టకుదురు కూర్చోవాలి కాబట్టి నడినెత్తి చదునుగా ఉండాలి. నడి పాపిడి తీసి, ముందు భాగాన్ని జెల్‌తో అణచి, జడ మెడ దగ్గర మొదలుపెట్టండి. పూలు కూడా అక్కడి నుంచే. ఆషాఢపు ఉక్కకు జుట్టు ఉబ్బడం ఎలాగూ ఖాయం. అందుకే పాయలు కొంచెం బిగువుగా అల్లి, నుదుటి పక్కన మాత్రం వదులుగా విడిచిపెట్టండి. ఏళ్ళ తరబడి కణతల దగ్గర బిగుతుగా లాగితే అక్కడి జుట్టు పలచబడి, ఒక దశ దాటాక తిరిగి రాదు. బడిపిల్లల తల్లులు దీన్ని మనసులో పెట్టుకోవాలి.

మల్లెల కాలంలో గుడిమల్కాపూర్ పూలమార్కెట్‌కు తెల్లవారుజామున వెళితే వీధి చివర కొనే మూర కంటే చవక. ఉంగరాల జుట్టుకు దండ వేలాడదీయడం కన్నా ముడి చుట్టూ తిప్పి, యూ పిన్నుతో అడ్డంగా గుచ్చడం బాగుంటుంది.

తక్కువ ఖర్చులో కొన్ని ముచ్చట్లు

నలుగు: పెసలు దోరగా ఎండబెట్టి పిండి పట్టించండి. రెండు చెంచాల పిండిలో చిటికెడు పసుపు, కొంచెం పాలు లేదా పెరుగు కలిపి, రాసిన పది నిమిషాలకు తడి చేతులతో మెల్లగా రుద్ది కడగాలి. మూలికల దుకాణంలో సున్నిపిండి దినుసులు అడిగితే కచ్చూరాలతో పాటు బావంచాలనే గింజలు కూడా ఇస్తారు. బావంచాల్లోని సోరాలెన్ అనే పదార్థం ఎండ తగిలితే చర్మాన్ని కమలనిస్తుంది, మచ్చలు పడతాయి. ఎండలో తిరిగేవాళ్ళు అవి లేకుండానే పట్టించుకోండి. ముఖానికి నేరుగా నిమ్మరసం రాసి ఎండలోకి వెళ్ళినా అదే ప్రమాదం.

గోరింటాకు: ఆషాఢంలో లేత ఆకు దొరికినప్పుడు చింతపండు, వక్క కలిపి మెత్తగా రుబ్బి, ఐదారు గంటలు ఉంచి, నీళ్ళు తగలనివ్వకుండా రాల్చేయండి. రంగు ఒకటి రెండు రోజుల్లో ముదురుతుంది. అసలైన గోరింటాకు నారింజ నుంచి ముదురు ఎరుపు దాకా పండుతుంది, నల్లగా పండదు. నల్లటి కోన్లలో పారాఫినైలిన్ డయమీన్ అనే జుట్టు రంగు రసాయనం కలుపుతారు. చర్మం మీద బొబ్బలు లేస్తాయి, ఆ తరువాత జీవితాంతం జుట్టు రంగులు పడకపోవచ్చు. పిల్లల చేతులకు అవి పెట్టనే వద్దు.

అత్తరు: చార్మినార్ చుట్టుపక్కల దుకాణాల్లో చిన్న సీసాలు కూడా అమ్ముతారు, మణికట్టుకు రాసి చూడనిస్తారు. నాకు అన్నిటికంటే మట్టి అత్తరు ఇష్టం. ఉత్తరప్రదేశ్‌లోని కనౌజ్‌లో కాల్చిన మట్టిని బట్టీ పట్టి గంధపు నూనెలోకి దింపే పరిమళం అది. మాడుకు రాయకండి. దూది ఉండకు ఒక చుక్క అద్ది ముడిలో దాచుకుంటే చాలు.

సాంబ్రాణి: జుట్టు దాదాపు ఆరిన తరువాత, దూరంగా. ఆస్తమా ఉన్నవారు, పసిపిల్లలు ఉన్న గదిలో వద్దు.

పాదాలు: గోరువెచ్చని నీళ్ళలో గుప్పెడు ఉప్పు వేసి పది నిమిషాలుంచి, మడమలు రాయితో మెల్లగా రుద్ది, కొబ్బరినూనె రాసి నూలు మేజోళ్ళు తొడుక్కుని పడుకోండి. మధుమేహం ఉన్నవాళ్ళు ఇది చేయకూడదు. కాళ్ళలో స్పర్శ తగ్గి ఉంటే నీళ్ళ వేడి తెలియదు.

డబ్బు ఎక్కడ పెట్టాలి

జుట్టును తిన్నగా చేసే రసాయన చికిత్సల మీద వద్దు. వాటిలో కొన్ని వేడి తగలగానే ఫార్మాల్డిహైడ్ వాయువును వదులుతాయి. అది క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చింది. ఆ గాలిని మీకంటే ఎక్కువగా, రోజంతా పీల్చేది అక్కడ పనిచేసే అమ్మాయిలు.

మీ దగ్గర కొంత డబ్బు ఉంటే ఏడాదికి రెండు మూడు మంచి కత్తిరింపులకు వెచ్చించండి. ముందురోజు పైన చెప్పినట్టు ఆరబెట్టుకుని, జుట్టు సహజంగా ఉన్నప్పుడే వెళ్ళండి. కత్తిరించేవారికి అసలు ఆకారం కనబడాలి. తడిగా సాగదీసి కత్తిరిస్తే ఆరాక జుట్టు అనుకున్నదానికంటే పొట్టిగా కనిపించవచ్చు, కాబట్టి మొదటిసారి అడిగినదానికంటే తక్కువే తీయమనండి. ఒత్తు తగ్గించే పళ్ళ కత్తెర, బ్లేడు వాడవద్దని ముందే చెప్పండి. వాటితో ఉంగరాల చివర్లు చీలిపోతాయి. ముగింపులో వేడిగాలితో తిన్నగా ఆరబెడతామంటే వద్దని, తడి జుట్టుతోనే లేవండి. మీ జెల్ సీసా వెంట తీసుకెళితే అక్కడే రాసుకోవచ్చు.